మెట్టతోట పేజీకి తాళం

పోయిన వారం సుధారాణిని కాశీబుగ్గలో, తన డీటీపీ కొట్టులో, రెండు కాగితాల మీదకు వంగి ఉండగా వదిలి వచ్చాం. వాటిలో ఒకటి, ఊళ్లవాళ్లు ఇంటర్నెట్‌లో తామే రాసుకునే ఉద్దానం వికీలోని ‘మెట్టతోట’ పేజీ ప్రింటు, రెండోది ఒక దినపత్రికలోంచి కత్తిరించిన వ్యాసం. జీలుగుపుట్టుగ ఊరి పక్కన ఇసక మెట్ట మీద అరవై ఎకరాల జీడితోట ఉంది. నలభై మూడేళ్ల కిందట ఊరి ఆడవాళ్లు కడవలతో నీళ్లు మోసి దాన్ని పెంచారని, లాక్‌డౌన్ రోజుల్లో ఆ వికీలో రాసింది సుధారాణే. అత్త బొడ్డమ్మ చెబుతుంటే రాసింది. ఈ ఏడాది ఆ మాటలు మాయమై, తోటను పెద్దింటివాళ్లు నాటించారన్న వాక్యం వచ్చి కూర్చుంది. ఆమె దిద్దింది. మళ్ళీ మారిపోయింది. మూడోసారి దిద్దాక పేజీకి తాళం వేసి, ఆమెకు రాసే హక్కే తీసేశారు. పెద్దింటి జనార్దనరావు ఆ తోట తమదేనని పెట్టుకున్న దరఖాస్తు మీద బుధవారం రెవెన్యూ ఆఫీసరు ముందు విచారణ. ఆయన లాయరు దాఖలు చేసిన కాగితాల్లో ఆ వికీ పేజీ కూడా ఉంది.

ఆదివారం పదిన్నరకు పలాస స్టేషనుకు ఎదురుగా ఉన్న లాడ్జి మేడమీద హాల్లో వికీ సభ్యుల సమావేశం పెట్టారు. మాట్లాడుకోవలసింది ఒకటే: వికీలో ఎవరు రాయవచ్చు, ఎవరు రాయకూడదు.

సుధారాణి అత్తను చెయ్యి పట్టుకుని మెట్లెక్కించింది. బొడ్డమ్మకు డెబ్బై ఆరేళ్లు. మోకాళ్లు సహకరించక మధ్యలో రెండుసార్లు ఆగింది.

“నానెందుకే, ఆ సదువుకున్నోల మజ్జిన? కంపూటరు నాకేటి తెల్సు?”

“కంపూటరు తెలీపోతే ఏటి, తోట నీకు తెల్సు. ఆల్లకి తెలీదు. పద.”

హాల్లో నలభై మంది దాకా ఉన్నారు. గోడ మీద తెర, దాని పక్కన లాప్‌టాప్ ముందు ధీరజ్. జనార్దనరావు తమ్ముడి కొడుకు. బెంగళూరు కంపెనీకి పలాసలో ఇంటి నుంచే పనిచేస్తాడు. వికీని మొదలుపెట్టింది అతనే, దాని తాళాలన్నీ అతని చేతిలోనే. అతని పక్కన భవాని, బడిపంతులమ్మ, మరో అడ్మిన్. ఒకప్పుడు సుధారాణి, భవాని కలిసే ఊరూరా తిరిగారు. ముసలివాళ్ల దగ్గర కూర్చుని ఒకరు అడిగితే ఒకరు టైపు చేశారు. ఇప్పుడు సుధారాణి లోపలికి రాగానే భవాని తల దించుకుని ఏదో కాగితం చూడసాగింది.

జనార్దనరావు మాట్లాడుతున్నాడు. కాలేజీలో ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పిన గొంతు. మైకు అక్కర్లేదు.

“వికీ అంటే ఊరిచివర గోడ కాదు, వచ్చినవాడల్లా బొగ్గుముక్క పుచ్చుకుని రాసిపోవడానికి. రేపు మన పిల్లలు చదువుతారు. అధికారులు చూస్తారు. రాసేవారికి అర్హత ఉండాలి. కనీసం డిగ్రీ అయినా ఉండాలి. రాసిన ప్రతి మాటకూ అచ్చులో ఆధారం చూపించాలి. అరుగు మీద ముసలమ్మలు చెప్పుకునే కబుర్లు చరిత్ర అయిపోతే, ఇంక చరిత్ర చదువుకున్న మాలాంటివాళ్లం దేనికి?”

ముందు వరసల్లో చప్పట్లు పడ్డాయి. బొడ్డమ్మ ఆ చప్పట్లు ఎందుకో అర్థంకాక కోడలి మొహం చూసింది. కోడలి మొహం చూశాక ఇంక ఏమీ అడగలేదు.

సుధారాణికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ నలభై మందిలో సగం మంది ఊళ్ల పేజీలు తన చేతుల మీదుగా ఎక్కినవే. కొట్టు మూశాక వేళ్లు తిమ్మిరెక్కేదాకా టైపు చేసిన పేజీలు. అప్పుడు ఒక్కడూ డిగ్రీ అడగలేదు.

“డిగ్రీ లేనిదాన్ని. ఒక మాట అడగొచ్చా?” అంటూ లేచి నిలబడింది.

ధీరజ్ ఇబ్బందిగా కదిలాడు. “సుధక్కా, మీ ఖాతా బ్లాక్‌లో ఉంది కదా. రూలు ప్రకారం ఈ చర్చలో మీరు...”

“ఖాతాని బ్లాక్ సేసినావు బాబూ. నోటిని సెయ్యలేదు కదా.”

వెనక వరసల్లో ఎవరో నవ్వారు. సుధారాణి నవ్వలేదు. సరాసరి వేదిక దగ్గరికి వెళ్లి, పేజీ ప్రింటు భవాని ముందు పెట్టింది.

“సదువు భవానీ. ఎర్రగీత గీసిన కాడ. గట్టిగా సదువు.”

భవాని చదివింది. “‘అరవై ఎకరాల ఇసక మెట్టలో పెద్దింటివారు ఊరి శ్రేయస్సు కోరి జీడిమమిడి మొక్కలు నాటించి...’” ఆగిపోయింది. “జీడిమమిడి ఏంటి?”

“‘మా’ మీద దీర్ఘం ఎగిరిపోనాది. టైపు సేసినోల సెయ్యి జారినాది. ఇరవయ్యేల్లుగా నాను రోజూ దిద్దుకునేవి ఇలాంటివే, నా కంటికి ఆనకుండా పోవు. ఇప్పుడిది సదువు.” పత్రిక కత్తిరింపు ముందుకు తోసింది.

భవాని చదువుతూనే తలెత్తింది. “ఇక్కడా జీడిమమిడే.”

“ఆ వాక్యం అంతా కలిపి సూడు. ఒక్క మాట తేడా ఉన్నాదేమో సూడు.”

“లేదు. ఒక్క మాట కూడా తేడా లేదు.”

సుధారాణి అప్పుడు జనం వైపు తిరిగింది. ఇంటి దగ్గర అద్దం ముందు నాలుగుసార్లు అనుకుని వచ్చిన పుస్తకాల భాష ఎటుపోయిందో, నోట్లోంచి ఊరి మాటే వచ్చింది.

“పేజీలో ఈ వాక్యం పడింది పిబ్రవరి తొమ్మిదిన. ఎవులైనా ఇస్టరీ నొక్కి సూసుకోవచ్చు. పేపర్లో వొచ్చింది మార్చి రెండున. పేపరోల్లు మన వికీని సూసి రాసుకున్నారు, తప్పుతో సహా. ఆ తరవాత ఈల్లు అదే పేపర్ని తెచ్చి, ఇదిగో అచ్చులో ఆదారం అని ఆ వాక్యం కింద పెట్టినారు. నాను తీసేత్తే, ఆదారం ఉన్నదాన్ని తీసినావు అని నన్ను గెంటేసినారు. ఇప్పుడు ఈ రెంటినీ పట్టుకెల్లి బుదవారం ఆపీసరుకి సూపిత్తారు. మీరందరూ సదువుకున్నోలు కదా. ఇదేటో మీరే సెప్పండి. దీన్నేటంటారు?”

కింద స్టేషన్లో ఏదో బండి ఆలస్యం గురించి మూడు భాషల్లో చెబుతున్నారు.

ధీరజ్ తెర మీద పేజీ చరిత్ర తెరిచాడు. ఫిబ్రవరి తొమ్మిది. మార్చింది ‘ఉద్దానం బిడ్డ’ అనే ఖాతా. ఆ ఖాతా పుట్టింది కూడా ఆరోజే. అది రాసిన పేజీ కూడా అదొక్కటే.

“ఈ బిడ్డ ఎవులు?” అంది సుధారాణి.

“సభ్యుల వివరాలు బయటపెట్టకూడదక్కా. అది మొదటినుంచీ ఉన్న రూలు.”

“మంచిదే. పేరు సెప్పొద్దు. ఆ మెయిలు ఎవులిదో నీకొక్కడికే అగుపడతాది కదా. తెర ఆపీసి నువ్వొక్కడివే సూడు. సూసి, ఆ మనిసికి ఆ తోటతో పని ఉన్నాదా లేదా, ఒక్క ముక్క సెప్పు. నన్ను గెంటేసినావు కాబట్టి ఆపాటి అడిగే హక్కు నాకున్నాది.”

ధీరజ్ తెర ఆపాడు. లాప్‌టాప్ తనవైపు తిప్పుకుని ఏదో నొక్కాడు. తరవాత అతని చెయ్యి కదలలేదు. అతను తలెత్తి చూసింది సుధారాణి వైపు కాదు, మొదటి వరసలో మధ్య కుర్చీ వైపు. ఆ చూపును హాల్లో వెనక వరసవాళ్లతో సహా అందరూ చూశారు.

జనార్దనరావు లేచి నిలబడ్డాడు.

“ఏం చూస్తావురా అలాగ? నేనే రాశాను. రాస్తే ఏం? మా ఊరి గురించి, మా తోట గురించి నేను రాయడానికి ఒకళ్ల అనుమతి కావాలా నాకు? పుట్టి పెరిగినవాడిని, కళ్లతో చూసినవాడిని. నాకు తెలియదా?”

“అదే బాబూ!” సుధారాణి గొంతు హాలంతా మోగింది. “ఆ మాటే కదా నాను మొదటినుంచీ మొత్తుకుంటన్నాను! పుట్టి పెరిగినోలు, కల్లతో సూసినోలు రాయొచ్చని మీకైతే అగుపడింది. అదే మా అత్త సూసింది రాత్తే ముసలమ్మ కబుర్లయిపోనాయి. మీ కల్లకి డిగ్రీ ఉన్నాదని, మా అత్త కల్లకి లేదనీనా?”

“నోరు అదుపులో పెట్టుకో.”

“పెట్టుకోను. ఇన్నాల్లూ పెట్టుకునే ఈ కాడికి తెచ్చుకున్నాం.”

ధీరజ్ మెల్లగా అన్నాడు. “పెదనాన్నా, సోర్సు ఉంది లాక్ వెయ్యమని మీరే కదా నాకా పేపరు పంపించారు. మీరు రాసిందే వాళ్లు వేశారని ఒక్కమాట చెప్పలేదేం?”

“ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం.”

“లాక్ వేసింది ఇక్కడ. అక్కకు హక్కు తీసేసింది ఇక్కడ. ఇక్కడే మాట్లాడాలి.”

ముప్ఫై ఏళ్ల పాఠాల గొంతు అప్పుడు జారింది. జనార్దనరావు కొడుకులాంటివాణ్ణి వదిలేసి, గోడ పక్క కుర్చీలో ముడుచుకుని కూర్చున్న ముసలమ్మ వైపు తిరిగాడు. “ఏటే బొడ్డీ! కోడల్ని ఎగదోసి తమాసా సూత్తన్నావేటి?”

బొడ్డమ్మ తలెత్తలేదు.

“సెప్పు అత్తా!” అంది సుధారాణి. “పెద్దింటోలు ఎవులైనా ఆ తోటలో ఒక్క కడవ నీల్లు మోసినారా? ఇంతమంది ముందర సెప్పు.”

బొడ్డమ్మ చీరకొంగు వేలికి చుట్టుకుంది, విప్పుకుంది. “ఆ ఇంటి మొగోడెవుడూ మొయ్యలేదు బాబూ,” అంది.

చప్పట్లు ఈసారి వెనక వరసల్లోంచి వచ్చాయి. జనార్దనరావు కండువా సర్దుకుని మెట్ల వైపు నడిచాడు. గుమ్మం దగ్గర ఆగి, మళ్ళీ పాత గొంతు తెచ్చుకున్నాడు.

“మీ వికీలూ గికీలూ ఏవీ విచారణలో నిలబడవు. కాగితం నిలబడుతుంది. అది ఎవరి చేతిలో ఉంటుందో బుధవారం చూసుకోండి.”

కింద కారు తలుపు పడిన చప్పుడు వినిపించింది.

ధీరజ్ ఎవరితోనూ సంప్రదించలేదు. సిగ్గుతో ఎర్రబడ్డ మొహంతో అక్కడికక్కడే సుధారాణి ఖాతాను విడిపించి, అడ్మిన్‌ను చేసి, లేచి కుర్చీ ఆమెకిచ్చాడు. “మీరు రాసింది మీరే పెట్టండక్కా. నన్ను క్షమించండి.”

క్షమించే తీరిక సుధారాణికి లేదు. గెలిచినప్పుడు చల్లారవలసిన కోపం ఆమెకు ఇంకా పెరిగింది. మూడు నెలలు. మూడు నెలలపాటు ఊళ్లో తనని అబద్ధాలకోరు అన్నారు. కొట్టుకు వచ్చే బేరాలు కూడా, నువ్వు వికీలో ఏదో తప్పుడు రాతలు రాశావంట కదా అని అడిగారు. ఆమె కూర్చుంది. ‘ఉద్దానం బిడ్డ’ను తీసేసింది. పేపరు ఆధారం పీకేసింది. తన పాత పేరాలు తిరిగి పెట్టింది. అంతటితో ఆగలేదు. నలభై మంది తెర మీద చూస్తూ ఉండగా, కింద కొత్తగా ఒక వాక్యం టైపు చేసింది: ‘ఈ తోటలో పెద్దింటివాళ్లు ఒక్కరు కూడా ఒక్క మొక్క నాటలేదు, ఒక్క కడవ నీళ్లు పోయలేదు.’ తరవాత పేజీకి తాళం వేసింది. ఎవరు మార్చవచ్చు అని అడిగిన చోట ఒకే ఒక పేరు పెట్టింది. తన పేరు.

“సుధా,” అంది భవాని పక్కకు వంగి, “నీ ఒక్కదానికేనా? నాకు కూడా లేదా?”

“నీకెందుకు? నన్ను బ్లాక్ సేసిన రోజు నువ్వూ అడ్మినువే కదా. నోరు మెదిపినావా?”

“మెదపలేదు. బెదిరిపోయాను. తప్పు నాదే.” భవాని కళ్లు తడిశాయి, గొంతు మాత్రం తొణకలేదు. “అందుకే అడుగుతున్నాను. రేపు నువ్వు రాసినదాంట్లో తప్పుంటే ఎవరు దిద్దుతారు?”

“నాను రాసినదాంట్లో తప్పు లేదు.”

“ఆయన కూడా అదేమాట అన్నాడు కదే.”

చెంప మీద కొట్టినట్టయింది. సుధారాణి కాగితాలు సంచిలో కుక్కుకుని, అత్తను లేపి, ఎవరికీ వెళ్లొస్తానని కూడా చెప్పకుండా మెట్లు దిగింది.

త్రినాథ్ ఆటో వేపచెట్టు నీడలో ఆపుకుని ఉన్నాడు. బొడ్డమ్మ మరిది కొడుకు. సుధారాణికి బావ వరస. “ఏటయినాది సుధా? పెద్దింటాయన కారు దుమ్ము రేపుకుంటూ పోనాది!” అన్నాడు.

“నెగ్గినాం బావా. బేగి పోనీ, ఇంటికి.”

కాశీబుగ్గ దాటేదాకా సుధారాణి మాట్లాడుతూనే ఉంది. భవానిని తిట్టింది. ధీరజ్‌ను తిట్టింది. చప్పట్లు కొట్టిన ముందు వరసను పేరుపేరునా తిట్టింది. బొడ్డమ్మ ఊకొట్టడం లేదని ఆమె గమనించేసరికి ఆటో ఉద్దానం రోడ్డు మీద, కొబ్బరితోటల మధ్యకు వచ్చేసింది.

“ఏటి రాసినావో ఒకపాలి సదువు,” అంది బొడ్డమ్మ.

సుధారాణికి అప్పుడు తట్టింది. ఆరేళ్లలో ఆ పేజీని అత్తకు ఒక్కసారి కూడా చదివి వినిపించలేదు. ఆమె చెప్పింది, తను రాసింది. అంతే. ఫోను తీసి, ఆటో శబ్దం మీద గట్టిగా చదివింది. ఇసక లేచి ఊరి ఇళ్ల మీద పడుతుంటే ఆడవాళ్లు గుమిగూడి అనుకున్న మాట. కొబ్బరాకు బుట్టల్లో గింజలు మొలిపించడం. చెలమ తవ్వి, మండుటెండలో మెట్ట మీదకు కడవలు మొయ్యడం. వరసగా ఇరవై మూడు పేర్లు, మొదటిది బొడ్డమ్మది. చివరికి ఇవాళ రాసిన వాక్యం.

“అది తీసీ,” అంది బొడ్డమ్మ.

“ఏది?”

“ఆకర్న సదివినావే, పెద్దింటోలు ఒక్కలూ మొయ్యలేదని. అది తప్పు. తీసీ.”

ఆటో గోతిలో పడి లేచింది. సుధారాణి ఫోను జారిపోకుండా రెండు చేతులా పట్టుకుంది.

“ఏటంటన్నావు అత్తా?”

“మొగోల్లెవులూ మొయ్యలేదన్నాను నాను. అంతే అన్నాను. ఆ ఇంటి ఆడమనిసి మోసినాది. ధనమ్మ. ధనలచ్చిమి. ఆ జనార్దనరావుకి తోడబుట్టిన అప్ప. మొగుడు పోయి పుట్టింటికి వొచ్చీసినాది అప్పటికి. మాతోపాటే రెండు వేసంగులు నీల్లు మోసినాది. అసలా గింజలు ఎక్కడివనుకుంటన్నావు? ఆల్ల నాన్నకి తెలీకుండా సీర మడతలో పెట్టుకుని ఆల్ల తోటలోంచి తెచ్చి ఇచ్చినాది.”

సుధారాణి ఒక్కసారిగా అత్త వైపు తిరిగింది. మాట కేకై వచ్చింది.

“ఆరేల్ల నుంచీ ఎందుకు సెప్పలేదు? ఇంతమంది ముందర నన్ను నిలబెట్టినావు! నీ మాట మీద నాను...”

“గింజలు ఆల్లవని తెలిత్తే తోట ఆల్లదే అంటారని బయం.” బొడ్డమ్మ కొంగు మళ్ళీ వేలికి చుట్టుకుంది. “అదొక్కటే కాదులే. ఆల్ల నాన్నకి గింజల సంగతి తెలిసిపోనాది. మమ్మల్నందర్నీ కల్లంలో నిలబెట్టి అడిగినాడు. ఆయమ్మ నాన్న మొకం సూసి బయపడిపోయి, నానివ్వలేదు, ఈల్లే దొంగిలించినారు అని సెప్పీసినాది. మీ మావని రాటకి కట్టీసి కొట్టినారు. నాను సూత్తూ నిలబడ్డాను. అప్పుడొట్టు పెట్టుకున్నాను, దాని పేరు నా నోట రాకూడదని. నలబై ఏల్లు రాలేదు.”

ముందు సీట్లో త్రినాథ్ వేగం తగ్గించేశాడు. ఈ సంగతి అతనికీ తెలియదు.

“అలాంటి మనిసి పేరు ఇప్పుడు రాయమంటావా?” సుధారాణి పళ్లు నూరింది. తను చూడని మామ వీపు మీద పడిన దెబ్బలు ఆమె వీపు మీద పడుతున్నట్టే ఉంది. “మావని కొట్టించినదాని పేరా? నా సేత్తో రాయను. రాయనంటే రాయను.”

“నీల్లు మోసినాది కదే.” బొడ్డమ్మ గొంతులోనూ కోపం ఉంది, కానీ అది కోడలి మీద కాదు. “మోసినదాన్ని మొయ్యలేదని అనకూడదు. అబద్దం ఆడినమాట కూడా రాయి. కొట్టించినమాట కూడా రాయి. దాని పేరుకాడ రెండూ రాయి. ఇన్నాల్లూ పేజీ ఎవులో ఒకలు దిద్దుతారులే అనుకున్నాను. ఇయ్యాల నువ్వు తాలమేసీసినావు. ఆ పిల్ల అడిగితే తప్పు లేదన్నావు. ఇంక నా మాట అలాగే ఉండిపోతాదని గుండెల్లో రాయి పడినాది.”

సుధారాణి మొహం పక్కకు తిప్పుకుంది. తోటల మీదుగా వేడిగాలి కొడుతోంది. భవాని మీద కేకలేసిన గొంతు ఇంకా మండుతూనే ఉంది. తెర మీద నలభై మంది ముందు తను టైపు చేసింది అబద్ధం. తెలియక రాసినా అబద్ధమే. జనార్దనరావు లాయరుకు ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలు, పేజీలోని ఇరవై మూడు పేర్లనూ ఆ అబద్ధంతోపాటే ఊడ్చి పారేస్తాడు.

“ఈ సంగతి తెలిసినోలు ఇంకెవులున్నారు?”

“ధనమ్మే. మిగతా ఆడోల్లంతా పోనారు. ఆ గొడవ తరవాత మల్లీ అత్తోరింటికే ఎల్లిపోనాది, టెక్కలి. అక్కడే ఉన్నాది, ఒక్కర్తీ. కాగితం కూడా దాని కాడే ఉండాల.”

“ఏ కాగితం?”

“మాలో సదువొచ్చింది దానికే కదా. మొక్కలు నాటిన్రోజు మా పేర్లు వరసగా రాసి, అందరి సేతా ఏలిముద్రలు ఏయించి, అప్పటి ఆపీసరు సేత సంతకం పెట్టించినాది. ఇది అందరి తోట అని రాయించినాది. అప్పుడది మంచిదే.”

సుధారాణి ఒక్కసారిగా ముందుకు వంగింది. కాగితం నిలబడుతుంది అన్నాడు. అది ఎవరి చేతిలో ఉంటుందో చూసుకోండి అన్నాడు. అని, ఇంటికి వెళ్లేవాడు అంత దుమ్ము రేపుకుంటూ వెళ్తాడా?

“త్రినాథ్ బావా, బండి తిప్పు. టెక్కలి.”

“టెక్కలా? ఇప్పుడా?”

“తిప్పమంటన్నాను!”

హైవే మీద ఆటో ఎంత తొక్కినా అంతే వెళ్తుంది. లారీలు దాటిపోతుంటే త్రినాథ్ పక్కకు తప్పుకుంటున్నాడు. బొడ్డమ్మ రాడ్డు పట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చుంది. సుధారాణి ఫోనులో పేజీ తెరిచి, చివరి వాక్యాన్ని తీసేసింది. ధనలక్ష్మి పేరు రాద్దామని వేలు పెట్టింది. రాట, దెబ్బలు, చూస్తూ నిలబడ్డ అత్త కళ్ల ముందుకు వచ్చాయి. వేలు వెనక్కి తీసుకుంది. రాయాలని ఆమెకు తెలుసు. చెయ్యి ఒప్పుకోవడం లేదు. చివరికి భవానికి ఫోను చేసింది.

“పేజీ తాలం తీసీమని ధీరజ్‌కి సెప్పు, ఫోన్లో నాకు రావట్లేదు. నీకూ అతనికీ కూడా హక్కు ఇమ్మను. ఎందుకని అడక్కు. నాను రాయలేని ముక్క ఒకటున్నాది, నువ్వు రాయాల. సాయంత్రం సెప్తాను.”

భవాని ఏదో అడగబోయేలోగా పెట్టేసింది.

టెక్కలి చేరేసరికి ఒంటిగంటన్నర దాటింది. బొడ్డమ్మ చెప్పిన గుర్తుల మీద త్రినాథ్ రెండు సందులు తిరిగాడు. మూడో సందు మొగలో బండి ఆపేశాడు.

సందు చివర పెంకుటిల్లు. దాని గుమ్మం ముందు జనార్దనరావు కారు అడ్డంగా నిలబడి ఉంది.

వీధరుగు మీద కుర్చీలో ఒక తెల్లజుట్టు ముసలమ్మ కూర్చుని ఉంది. జనార్దనరావు ఆమె పక్కన మోకాలి మీద వంగి, ఒక్కొక్క కాగితం తిప్పి చూపిస్తూ మెల్లగా ఏదో చెబుతున్నాడు. కుర్చీ కింద రేకుపెట్టె మూత తెరిచి ఉంది. ముసలమ్మ కళ్లజోడు సర్దుకుని పెన్ను అందుకుంది. తమ్ముడు ఆమె చేతిని తన చేత్తో పట్టుకుని, సంతకం పెట్టవలసిన చోటుకు జరిపాడు.

సుధారాణి దిగేలోపే బొడ్డమ్మ దిగిపోయింది. పొద్దున్న మెట్లెక్కడానికి రెండుసార్లు ఆగిన మనిషి, చెప్పులు ఆటోలోనే వదిలేసి, కాలే రోడ్డు మీద పరుగు పెట్టింది. నలభై ఏళ్లు నోట రానివ్వని పేరును సందు సందంతా వినిపించేలా అరిచింది.

“ధనా! సంతకం పెట్టకు! ఓలె ధనా, నానే, బొడ్డిని!”

పెన్ను ఆగింది. ముసలమ్మ తలెత్తి చూసింది. చూసి, తమ్ముడి చేతిలోంచి తన చెయ్యి లాక్కుంటూ అడిగింది:

“ఇది బతికే ఉన్నాదేట్రా? సచ్చిపోనాదని కదా నాకు సెప్పినావు?”